కృతజ్ఞత మీద విచారణ

అర్నెటా మేబ్రీ రోజూ చీకటితోనే లేచి, కాఫీ కలుపుకుని, వాకిట్లో నిలబెట్టిన తన కారు వెనక సీట్లో కుడివైపున కూర్చునేది. ఆ కారును ఆమె యాప్‌లో బేరాలకు తిప్పేది. నిన్న ఎక్కినవాళ్లు ఎక్కడ కూర్చున్నారో అక్కడే కూర్చుని వాళ్ల కోసం ప్రార్థించాలని ఆమె పెట్టుకున్న నియమం. పేరు గుర్తున్నవాళ్లను పేరుతో, లేనివాళ్లను ఆనవాలుతో ప్రభువుకు అప్పజెప్పేది.

“విమానం తప్పిపోతుందని ఏడ్చిన ఎర్ర కోటు పిల్లను చల్లగా చూడు తండ్రీ. ఫోన్లో వాళ్లమ్మ మీద కేకలేసిన పొడుగాయనకు మంచి బుద్ధినివ్వు. వేయించిన చేపల పొట్లం సీటు మీద ఒలకబోసినాయన్ని కూడా దీవించు. ఆ వాసన పోయేదాకా మాత్రం నాకు ఓపికనివ్వు.”

నేను పక్కింట్లో ఉంటాను. మా రెండిళ్లకూ మధ్య నడుమెత్తు పొదల కంచె. నా వంటింటి కిటికీ తెరిస్తే ఆమె ప్రార్థన ప్రతి మాటా వినిపిస్తుంది. ఒకరి ప్రార్థన దొంగచాటుగా వినడం తప్పేమోనని కొన్నాళ్లు కిటికీ మూసుకున్నాను. తర్వాత ఆమే అడిగింది, “ఏమే ఐడెల్లా, ఈ మధ్య కిటికీ తెరవడం లేదు? నాతో కలిసి ఆమేన్ అనేవాళ్లు లేక వెలితిగా ఉంది” అని. అప్పటినుంచి తెరిచే ఉంచాను. నేను బడి వంటశాలలో ముప్పై ఏళ్లు పనిచేసినదాన్ని. పొద్దున్నే ఇంకొకరి కోసం ఏదో ఒకటి చేయకపోతే నాకూ తోచదు.

అర్నెటా మేజోళ్ల మిల్లులో పెరిగింది అనవచ్చు. పద్దెనిమిదో ఏట చేరి ఇరవయ్యారేళ్లు మేజోళ్లు జతలు కలిపి కట్టలు కట్టింది. మిల్లు మూసేశారు. తర్వాత బడి బస్సు నడిపింది. భర్త రూఫస్ పోయాక ఇంట్లో కూర్చోలేక, అరవయ్యో ఏట యాప్‌లో పేరు రాయించుకుని ఈ లేత గోధుమరంగు కారు కొనుక్కుంది. దానికి దొర్కా అని పేరు పెట్టింది. బైబిల్లో దొర్కా పేదలకు బట్టలు కుట్టిపెట్టిన మనిషి. “నా దొర్కాకు కుట్టడం రాదు కానీ మోయడం వచ్చు” అనేది. వారానికి మూడుసార్లు మా చర్చి బ్రదర్ హోసియాను డయాలసిస్‌కు తీసుకెళ్లి తీసుకొచ్చేది. ఆ సవారీకి యాప్‌తో పని లేదు, డబ్బుతో అంతకన్నా లేదు. ఆయన దిగేటప్పుడు తలుపు మెల్లగా వేస్తాడు, అదే చాలనేది.

ఇక ఆమెకు ఇంకో అలవాటు. ఈ కథంతా దానివల్లే వచ్చింది.

మా వైపు ఆడపిల్లలకు అక్షరాలు వచ్చీరాగానే నేర్పే మర్యాద ఒకటుంది. ఎవరైనా మనకు ఏదైనా చేస్తే, మూడు రోజులు దాటకుండా కృతజ్ఞత కార్డు రాసి పోస్టు చేయాలి. కేకు తెచ్చినా, అంత్యక్రియలకు వచ్చినా, పెళ్లికి కుంకుడుగింజంత కానుక ఇచ్చినా కార్డు రాయాల్సిందే. నేనూ రాస్తాను. కానీ అర్నెటా రాసినట్టు ఎవరూ రాయరు. చెప్పుల పెట్టె నిండా కార్డులు ఉండేవి ఆమె దగ్గర. చెత్తబండి వాళ్లకు రాసేది. పన్ను పీకిన డాక్టరుకు రాసింది, “నొప్పి పెట్టినా త్వరగా కానిచ్చారు” అని. ఒకసారి వేగంగా నడుపుతోందని పోలీసు ఆపి జరిమానా చీటీ ఇచ్చాడు. ఆయనకూ రాసింది. “నన్ను ఆపి నా ప్రాణం కాపాడినందుకు, చీటీ మీద మీ దస్తూరి అంత పొందికగా ఉన్నందుకు” అని. ఆ పోలీసు ఏడాది తర్వాత కూడా ఆ కార్డును తన బండి అద్దం దగ్గర పెట్టుకుని తిరిగాడు. యాప్‌లో తనకు ఒక్క స్టారు ఇచ్చినవాళ్లకు రాయలేకపోతున్నానని మాత్రం బాధపడేది. వాళ్ల చిరునామా యాప్ చెప్పదు.

ఆ ఏడు మార్చి నెలలో రోగం వచ్చింది. బళ్లు, కాలేజీ, విమానాశ్రయం అన్నీ ఒక్క వారంలో మూతపడ్డాయి. అర్నెటా ఫోను మోగడం మానేసింది. ఆమె మాత్రం పొద్దున్నే వెనక సీట్లో కూర్చోవడం మానలేదు. కొత్తగా ఎక్కినవాళ్లు లేరు కాబట్టి పాతవాళ్ల కోసం ప్రార్థించింది. పాతవాళ్లూ అయిపోయాక, ఒక్క స్టారు ఇచ్చినవాళ్ల దగ్గరికి వచ్చింది. “వీళ్ల కోసం నేను తీరిగ్గా కూర్చోవాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా తండ్రీ, నువ్వే తీరిక ఇచ్చావు” అని మొదలుపెట్టేది. నేను కిటికీ దగ్గర నోరు మూసుకుని నవ్వుకునేదాన్ని.

చర్చి కూడా మూసేశారు. దాని బదులు ఫోన్ ప్రార్థన మొదలైంది. అందరం ఒకే నంబరుకు ఫోన్ చేస్తే అందరి గొంతులూ అందరికీ వినిపిస్తాయి. మాట్లాడనప్పుడు మ్యూట్ నొక్కాలని పాస్టరుగారు రోజూ చెప్పేవారు. చర్చి పెద్దల్లో ఒకరైన డీకన్ గ్యాడ్సన్ గారికి ఆ మీట ఎక్కడుందో ఆఖరుదాకా దొరకలేదు. ఆయన ఇంట్లో పంది మాంసం వేగుతున్న చప్పుడు వింటూ మేము కీర్తనలు చదువుకున్నాం.

ఏప్రిల్లో ఒక వార్త వచ్చింది. మామూలుగా నిరుద్యోగ భృతి జీతగాళ్లకే ఇస్తారు. ఈసారి రోగం పుణ్యమా అని యాప్ కార్లు నడిపేవాళ్లకు, జుట్టు కత్తిరించేవాళ్లకు, పెళ్లిళ్లలో పియానో వాయించేవాళ్లకు, అంటే యజమాని అంటూ ఎవరూ లేనివాళ్లకు కూడా ప్రభుత్వం ఇస్తుందట. నేనే వెళ్లి అర్నెటాకు చెప్పాను. ఆరడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, ఆమె ఫోనులో దరఖాస్తు నింపుతుంటే కళ్లజోడు పెట్టుకుని కంచె ఇవతలి నుంచి చూశాను.

“యజమాని పేరు రాయమంటున్నాడే.”

“నీకు యజమాని ఎవరున్నారు?”

“ప్రభువు.”

“ఆయన పేరు పట్టదులే ఆ గడిలో. లేరని రాయి.”

పది రోజులకు ఉత్తరం వచ్చింది. తెచ్చినవాడు థర్మన్. మా వీధి పోస్టుమాన్, అర్నెటాకు చిన్నాన్న కొడుకు. ఉత్తరంలో ఏముందో కవరు బరువును బట్టి చెప్పగలనని అతనికి గొప్ప నమ్మకం. “పల్చగా ఉందక్కా, ఇది మంచిది కాదు” అన్నాడు. నిజంగానే మంచిది కాదు. మీకు యజమాని లేరు కనుక మీరు భృతికి అర్హులు కారు అని ఉంది.

అర్నెటా ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. మొహం చిన్నబోయింది. కాసేపటికి లేచి లోపలికి వెళ్లి చెప్పుల పెట్టె తెచ్చుకుంది.

“ఏం చేస్తున్నావు?” అన్నాను.

“ఎవరో పాపం కూర్చుని నా కాగితాలన్నీ చదివారు కదే. ఇంత రోగంలో ఆఫీసుకు వెళ్లి, మూతికి గుడ్డ కట్టుకుని, నా పేరు తప్పు లేకుండా రాశారు. వద్దన్నా మర్యాదగా వద్దన్నారు. ఊరుకుంటే ఏం బాగుంటుంది?”

నాకు అందులో తప్పేమీ కనబడలేదు. ఆమె దగ్గర స్టాంపులు అయిపోతే నేనే ఒకటి ఇచ్చాను. ఆ స్టాంపు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

మర్నాడు థర్మన్ ఆ కార్డు తీసుకెళ్లాడు. ఇంకో రెండు రోజులకు మాటల్లో అసలు సంగతి చెప్పాడు. “అక్కా, ఆ వద్దన్న ఉత్తరమే నీకు టిక్కెట్టు! ముందు మామూలు భృతికి పెట్టుకోవాలి, వాళ్లు వద్దనాలి, అప్పుడు రోగం భృతికి పెట్టుకోవాలి. నా వీధిలో సగంమందికి అలాగే వచ్చింది. వద్దన్నారంటే నీ పని సగం అయినట్టే.”

“వద్దంటేనే ఇస్తారా? ఇదేం పద్ధతిరా?”

“పద్ధతి నన్నడక్కు అక్కా. నేను మోసేవాణ్నే.”

రెండో దరఖాస్తు పెట్టింది. ఫోను తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. మీ మొదటి దరఖాస్తు మీద మీరు వేసిన అప్పీలు తేలేదాకా దీన్ని తెరవలేం అని.

“అప్పీలా?” అంది అర్నెటా. “నేను ఎవరి మీదా అప్పీలు వెయ్యలేదే! మిల్లు మూసినప్పుడే వెయ్యలేదు.”

ఆ కార్యాలయానికి ఫోన్ చేయడం మొదలుపెట్టింది. ఎవరైనా పలికేదాకా ఆగమంటూ వాళ్లు పెట్టే పాటను రోజూ రెండు మూడు గంటలు వినేది. ఒకే పాట, సన్నాయిలాంటిది. వారం తిరిగేసరికి ఆ రాగానికి తన సొంత మాటలు పెట్టి స్తుతిగీతం చేసుకుంది. తొమ్మిదో రోజున ఒకమ్మాయి పలికింది. ఫైలు చూసి చెప్పింది, తిరస్కరణ ఉత్తరం అందిన పదిహేను రోజుల లోపల దరఖాస్తుదారు నుంచి ఏ కాగితం వచ్చినా దాన్ని అప్పీలు కిందే నమోదు చేస్తారట. మీ దగ్గర్నుంచి ఒక కాగితం వచ్చింది మేడమ్, దాని మీద పసుపుపచ్చ పువ్వులున్నాయి అని.

అర్నెటా ఫోను పెట్టేసి నా వైపు చూసింది. నేను నా చెప్పుల వైపు చూశాను.

విచారణ తేదీ జూన్ రెండో గురువారం పడింది, పొద్దున తొమ్మిదింటికి, ఫోన్లోనే. అప్పటికి ఆమె చేతిలో ఉన్నది అయిపోయింది. ఇంటద్దెకు, కారు బీమాకు దారి లేదు. థర్మన్‌కు చాలాకాలంగా దొర్కా మీద కన్నుంది. కూతురు నర్సు శిక్షణలో చేరింది, దానికి కారు కావాలి. నాకు అమ్ముతావా అక్కా అన్నాడు. ఇంకో దారి లేక అర్నెటా సరేనంది. విచారణ గురువారం. థర్మన్ వచ్చి కారు తీసుకెళ్లేది శనివారం.

“గురువారం తేలితే?” అని అడిగాను.

“తేలితే వాడికి సారీ చెప్పి ఒక కార్డు రాస్తాను. తేలకపోతే బ్రదర్ హోసియాకు ఇంకెవరినైనా చూడాలి. నువ్వు నడపలేవు కదా?”

“నాకు పొయ్యి నడపడమే వచ్చు.”

ఈ సంగతి ఫోన్ ప్రార్థనలో చెప్పగానే అందరూ కదిలిపోయారు. విచారణ జరుగుతున్నంతసేపూ లైనులోనే ఉండి మౌనంగా ప్రార్థిద్దాం అన్నారు పాస్టరుగారు. మౌనంగా అనే మాటను మూడుసార్లు నొక్కి చెప్పారు. ప్రతిసారీ డీకన్ గ్యాడ్సన్ గారే ముందుగా “ఆమేన్” అన్నారు.

గురువారం ఎనిమిదిన్నరకే అర్నెటా తయారై వచ్చింది. ఈస్టరుకు వేసుకునే ఊదారంగు గౌను, దానికి తగిన వెడల్పాటి టోపీ.

“ఫోన్లో నిన్నెవరు చూస్తారే?” అన్నాను.

“విచారణంటే కోర్టేగా. నాకు నేను కనబడతాను కదా.”

దొర్కా వెనక సీట్లో కుడివైపున కూర్చుంది. టోపీ కారు కప్పుకు తగిలి నుదుటి మీదికి జారింది. ఆమె ఫోను విచారణకు. నా ఫోను ప్రార్థన లైనుకు. రెండిటికీ స్పీకరు పెట్టి, నాదాన్ని కారు కిటికీ అంచు మీద నిలబెట్టి, నేను ఆరడుగుల దూరంలో గడ్డి మీద కుర్చీ వేసుకున్నాను. సరిగ్గా తొమ్మిదింటికి ఆమె ఫోను మోగింది.

“నా పేరు ప్రూయిట్. విచారణ అధికారిని. మిసెస్ మేబ్రీయేనా?” పడుచు గొంతు, నిద్ర చాలని గొంతు.

“అవును నాయనా. మీ ఇంట్లో అందరూ బాగున్నారా?”

“బాగున్నారు మేడమ్.”

“అమ్మగారు?”

“అమ్మ... బాగానే ఉంది మేడమ్. ఈ మాటలన్నీ రికార్డవుతున్నాయి. ముందు మీచేత ప్రమాణం చేయించాలి. మీరు చెప్పబోయేదంతా నిజమేనని ప్రమాణం చేస్తారా?”

“చేస్తాను.”

“ఆమేన్!” అంది నా ఫోను. ఒక్క గొంతు కాదు, చర్చి అంతా. అలవాటైన నోళ్లు, ప్రమాణం అనే మాట వింటే ఆగుతాయా?

“మేడమ్, మీతో ఇంకెవరైనా ఉన్నారా?”

అర్నెటా అప్పుడే ప్రమాణం చేసి ఉంది. “ఉన్నారు నాయనా. ముప్పై ఒక్కరు. ప్రభువును కలుపుకుంటే ముప్పై రెండు.”

“ముప్పై ఒక్కరా? ఎవరు వాళ్లు? సాక్షులా?”

“ఎల్లప్పుడూ సాక్షులమే సార్!” అన్నారు డీకన్ గ్యాడ్సన్ గారు. వెనక మూకుడు చుయ్యిమంది. “ప్రభువును గురించి సాక్ష్యం చెప్పడమేగా మా పని!”

పాస్టరుగారు గబగబా “డీకన్ గారూ, మ్యూట్, మ్యూట్” అంటుంటే డీకన్ గారు ఏదో మీట నొక్కినట్టున్నారు, మూకుడు చప్పుడు ఇంకా పెద్దదైంది.

ప్రూయిట్ గారు కోప్పడతారనుకున్నాను. ఆయన పెద్ద నిట్టూర్పు వదిలి, “సరే, సాక్షులు ముప్పై ఒక్కరు అని రాసుకుంటున్నాను. నేను అడిగితేనే మాట్లాడండి. ఇప్పుడు మీ అప్పీలు పత్రాన్ని రికార్డు కోసం చదువుతాను” అన్నారు. గొంతు సవరించుకున్నారు.

“ప్రియమైన ఆఫీసువారికి. మీరు నా కాగితాలు ఓపికగా చదివి, నేను అర్హురాలిని కానని అంత స్పష్టంగా తెలియజేసినందుకు కృతజ్ఞతలు.”

“అవును” అన్నది లైను మెల్లగా.

“మా అత్తగారి పేరును కూడా అందరూ తప్పే రాసేవారు. మీరు మేబ్రీ అని ఒక్క అక్షరం పొల్లు పోకుండా రాశారు.”

“రాశారు!”

“ఈ రోగపు రోజుల్లో మీరందరూ ఆరోగ్యంగా ఉండాలని, మీ పిల్లలు క్షేమంగా ఉండాలని రోజూ ప్రార్థిస్తాను.”

“చెప్పండి సార్!”

ప్రూయిట్ గారి గొంతులోకి ఎక్కడినుంచో ఒక ఊపు వచ్చింది. చిన్నప్పుడు ఆయన్ను కూడా ఎవరో బామ్మ చర్చిలో ముందు వరసలో కూర్చోబెట్టి ఉంటుంది. “ఎప్పుడైనా ఈ వైపు వస్తే,” అని సాగదీసి, “మా ఇంటికి తప్పకుండా రండి. నా దగ్గర నిమ్మకాయ కేకు ఉంటుంది!” అన్నారు.

“ఆమేన్!” అన్నారు ముప్పై ఒక్కరూ. నేనూ అన్నాను. కేకు సంగతి నాకు తెలుసు.

ఆయన మళ్లీ అధికారి గొంతులోకి వచ్చారు. “మిసెస్ మేబ్రీ, నేను నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే కాగితాల్లో నన్ను తిట్టనివి తక్కువ. దీన్ని తేల్చడం సులువే. అప్పీలు వెనక్కి తీసుకుంటున్నాను అని ఒక్క మాట అనండి. ఈ రోజే ఇది మూసేస్తాను. మీ రెండో దరఖాస్తు తెరుచుకుంటుంది.”

నాకు ప్రాణం లేచి వచ్చింది. అనేసెయ్, అనేసెయ్ అని చేతులు ఊపాను. అర్నెటా టోపీ సర్దుకుంది.

“ఏం వెనక్కి తీసుకోవాలి నాయనా?”

“ఈ కార్డును మేడమ్.”

“ఇచ్చిన కార్డునా?”

“అవును. అది చెల్లదని మీరే చెప్పాలి.”

“నేను ప్రమాణం చేశాను కదా నాయనా. చెల్లుతుంది. మనసారా రాశాను. ఇప్పుడు డబ్బు వస్తుందని ఆశపడి, నేను కృతజ్ఞత చెప్పలేదు అంటే ఏం బాగుంటుంది? అది చదివిన పిల్ల ఎవరో ఉంటుంది. ఆ పసుపుపచ్చ పువ్వులు చూసి కాస్త నవ్వుకుని ఉంటుంది. ఆ పిల్ల చేతిలోంచి లాక్కున్నట్టు కాదూ?”

“మేడమ్, ఇది చట్టం మాట. మనసు మాట కాదు.”

“నాకు నోరు ఒకటే ఉంది నాయనా.”

డీకన్ గారి మూకుడు కూడా ఆగింది. నేను కుర్చీలోంచి లేచి, ఆరడుగులూ మరిచిపోయి, కిటికీ దగ్గరికి వెళ్లి గుసగుసగా అన్నాను, “అర్నెటా, ఎల్లుండి శనివారం. దొర్కా పోతుంది.”

“తెలుసు” అంది. ముందు సీటు వెనుక భాగాన్ని అరచేత్తో నిమిరింది. కళ్లలో నీళ్లున్నాయి, కానీ వెనక్కి తీసుకుంటాననే మాట మాత్రం అనలేదు. మొండిది. మేజోళ్ల మిల్లులో ఇరవయ్యారేళ్లలో ఒక్కసారి కూడా జత కుదరనిదాన్ని కట్టలో పెట్టలేదట.

అప్పుడు నా ఫోనులోంచి ఒక గొంతు వచ్చింది. “సార్, నేను ఒక మాట చెప్పొచ్చా?”

“ఎవరు?”

“థర్మన్‌ని సార్. ఈ వీధి పోస్టుమాన్ని. ఆమెకు తమ్ముణ్ని అవుతాను. ఆ కార్డు మోసుకొచ్చింది నేనే.”

“థర్మన్, నువ్వా?” అన్నారు డీకన్ గారు. “ఇందాకట్నుంచి నువ్వు కూడా ఆమేన్ అంటున్నావా? ఆ కారు నీకేగా పోయేది! నీ ఆమేన్ ఎటువైపుదిరా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. థర్మన్ దగ్గాడు.

“అదే చెప్తున్నా డీకన్ గారూ. సార్, దాపరికం దేనికి. ఆమె ఈ కేసు ఓడిపోతే నాకే లాభం. శనివారం ఆ కారు నేను చవగ్గా కొనుక్కోవాలి. నా కూతురు అప్పుడే సీటు కవర్లు కూడా ఎంచుకుంది. ఆ లాభం చూసుకునే నేను నిన్నటినుంచి సరిగ్గా ప్రార్థన చేయలేదు, ప్రభువు క్షమించాలి. కానీ అది అప్పీలు కాదు సార్. అక్క ఎవరితోనూ తగాదా పెట్టుకోదు. నేను పంతొమ్మిదేళ్లుగా ఆమె ఉత్తరాలు మోస్తున్నాను. ఆమె నుంచి నాకే పదకొండు కార్డులొచ్చాయి. ఒకటి, వానలో తడిసిన ఉత్తరం తెచ్చినందుకు. ఇంకోటి, ఆమె కుక్క నన్ను కరిచినప్పుడు, దాన్ని తిరిగి తన్ననందుకు. మీరు దాన్ని అప్పీలు అంటే, ఈ ఊళ్లో నా సంచీ నిండా అప్పీళ్లే ఉంటాయి.”

“నాకు నాలుగొచ్చాయి” అన్నారు పాస్టరుగారు.

“నాకు ఏడు” అన్నాడు బ్రదర్ హోసియా నీరసంగా. “కారెక్కించుకుంది ఆమె. నేను తలుపు మెల్లగా వేశానని కార్డు ఆమే రాసింది.”

ఆ తర్వాత ఎవరూ అనుమతి అడగలేదు. తొమ్మిది, రెండు, పద్నాలుగు అంటూ ఒక్కొక్కరే చెప్పుకుంటూ పోయారు. అవతల కాగితం మీద పెన్ను గీస్తున్న చప్పుడు వినిపించింది.

“ఆగండి, ఆగండి” అన్నారు ప్రూయిట్ గారు చివరికి. గొంతులో నవ్వు దాచుకోవడం ఆయనకు చేతకాలేదు. “రికార్డు కోసం చెబుతున్నాను. సాక్షుల మాటను బట్టి, ఆనవాయితీని బట్టి, ఈ పత్రం అప్పీలు కాదని నేను నిర్ధారిస్తున్నాను. ఇది కృతజ్ఞత. కృతజ్ఞతను విచారించే అధికారం చట్టం నాకు ఇవ్వలేదు. అసలు అప్పీలే లేదు కాబట్టి వెనక్కి తీసుకోవలసింది కూడా ఏమీ లేదు. కార్డు చెల్లుతుంది మేడమ్. ఫైలు మూస్తున్నాను.”

లైనులో కేకలు, చప్పట్లు. డీకన్ గారు పాట ఎత్తుకున్నారు. ప్రూయిట్ గారు ఆ గోలలోనే గట్టిగా అరిచారు, “మిసెస్ మేబ్రీ! ఒక్క మాట! నా ఉత్తర్వు మీకు పోస్టులో వస్తుంది. అందిన రోజునుంచి పదిహేను రోజులు ఈ కార్యాలయానికి ఏమీ రాయొద్దు! కార్డు కూడా! ముఖ్యంగా కార్డు! వస్తే అది మళ్లీ అప్పీలు అయిపోతుంది. మాటివ్వండి.”

“ప్రమాణం మీదే ఉన్నాను కదా నాయనా. సరే” అంది అర్నెటా. ఆ ఒక్క ముక్క ఆమె నోటివెంట చాలా కష్టంగా వచ్చింది.

శనివారం థర్మన్ వచ్చాడు. చేతిలో కారుకివ్వాల్సిన చెక్కు లేదు. బుట్టలో నాలుగు పెద్ద టమాటాలు, కాసిని చేపలు ఉన్నాయి. “భృతి పడేదాకా తిను అక్కా. పిల్ల బస్సులో వెళ్తుందిలే. దానికి కాళ్లున్నాయి” అన్నాడు. టమాటాలకు అర్నెటా అప్పటికప్పుడే కార్డు రాసి అతని సంచీలోనే వేసింది. పన్నెండోది.

ఇంకో పది రోజులకు భృతి పడింది. అద్దె కట్టింది, బీమా కట్టింది. బ్రదర్ హోసియా సోమవారం, బుధవారం, శుక్రవారం ఎప్పటిలాగే వెళ్లొచ్చాడు. ప్రూయిట్ గారి ఉత్తర్వు వచ్చింది, ఈసారి కవరు బరువుగా ఉందని థర్మన్ ముందే చెప్పాడు.

ఆ ఉత్తర్వు అందిన మూడో రోజు పొద్దున, అర్నెటా వెనక సీటు ప్రార్థన ముగించుకుని కంచె దగ్గరికి వచ్చింది. రాత్రి నిద్రపోనట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి. మూడు రోజులు దాటకూడదన్న మర్యాద ఒకవైపు, ఇచ్చిన మాట ఒకవైపు. చీపురు కర్ర చివర చీల్చి అందులో ఒక కవరు గుచ్చింది. పొదల మీదుగా ఆ కర్రను నా దాకా చాచింది. కవరు మీద ప్రూయిట్ గారి పేరు, కార్యాలయం చిరునామా. అంటించి ఉంది. స్టాంపు కూడా ఉంది.

“రాసేశావా?” అన్నాను గుండె పట్టుకుని.

“రాయొద్దన్న మాట నిజమే. ప్రభువును అడిగాను. రాసి పోస్టు చేయకపోతే రాసినట్టు కాదులే అనిపించింది. అయినా నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదు. ఇంట్లో ఉంటే రేపో ఎల్లుండో డబ్బాలో వేసేస్తాను. థర్మన్‌కిద్దామంటే, వాడి చేతిలో కవరు పడితే ఆగదు, అది వాడి ఉద్యోగం.”

నేను కవరు తీసుకున్నాను. ఆమె కర్రను వెనక్కి లాక్కుని దాని మీద గడ్డం ఆనించి నిలబడింది.

“ఐడెల్లా, నాకొక సాయం చేసిపెట్టు. దీన్ని నీ పిండి డబ్బాలో దాచు. పదహారో రోజు పొద్దున్నే పోస్టులో వెయ్యి. ఈలోగా నేనొచ్చి ఎంత బతిమాలినా సరే, ఏడ్చినా సరే, నాకు మాత్రం ఇవ్వకు.”